నాన్న పేరుకి పెళ్లి అక్షరాలు

నా చిన్నప్పుడు మా వైపు ఎవరింట్లోనైనా మనిషి పోతే, పరామర్శకు వచ్చినవాళ్లు ముందు ఆ ఇంటి పిల్లల కళ్లు చూసేవాళ్లు. గుమ్మంలో అడుగు పెడుతూనే రాగం తీసి, పిల్లను దగ్గరికి లాక్కుని, గుండెకు అదుముకుని, చెవి పక్కన కాసేపు ఏడ్చి, ఆ తర్వాత కొంచెం ఎడంగా పట్టుకుని మొహంలోకి చూసేవాళ్లు. పిల్ల ఏడుస్తుంటే అంతా సవ్యంగా ఉన్నట్టు లెక్క. మా నాన్న పోయినప్పుడు నన్ను అలా ఎంతమంది లాక్కున్నారో చెప్పలేను. అందరూ చూశారు. నా కళ్లలో ఏమీ లేదు.

నిజంగానే ఏమీ లేదు. దిగమింగుకున్నానని, లోలోపల కుమిలిపోయానని తర్వాత చాలామంది నా తరఫున అనుకున్నారు గాని, అదేం కాదు. కడుపులో నొప్పంటూ మా నాన్న తన కాళ్లతో తను నడిచి వెళ్లి ఏలూరు బస్సెక్కారు. వ్యానులో పడుకోబెట్టి తీసుకొచ్చారు. ఈ రెంటికీ మధ్య ఏం జరిగిందో నా బుర్రలోకి ఎక్కలేదు. స్నానం చేసేటప్పుడు చెవిలోకి నీళ్లు పోతే చుట్టూ ఉన్న మాటలు ఎలా వినిపిస్తాయో, ఆ రోజులన్నీ నాకు అలాగే వినిపించాయి. పెట్టినప్పుడు అన్నం తిన్నాను. పడుకోమన్నప్పుడు పడుకున్నాను, నిద్ర కూడా పట్టింది.

వంటింట్లో ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. పిల్లకు గట్టి దెబ్బ తగిలిందని ఒకరంటే, ఏడవకపోతే గుండె పట్టేస్తుందని ఇంకొకరన్నారు. రాతిగుండె పిల్ల అని కూడా ఎవరో అన్నారు. అది అమ్మ చెవిన పడింది. ఆ సాయంత్రం అమ్మ నన్ను పిలిచి, "నాన్న గుర్తొస్తున్నారా అమ్మా?" అని అడిగింది. నేను "ఏమో" అన్నాను. అమ్మ నా వంక చూసిన చూపులో దుఃఖం కన్నా భయం ఎక్కువ ఉంది. దాంతో నాకూ భయం పట్టుకుంది. నాన్నంటే ప్రేమ ఉన్న పిల్లకు ఏడుపు రావాలి కదా, నాకు రాలేదంటే నేనెలాంటిదాన్ని అని. ఆ వారం పది రోజుల్లో నాకు తెలిసి నాకు కలిగిందల్లా ఆ ఒక్క భయమే.

కర్మ చేస్తున్నది మా బాబాయి కాబట్టి బయటి పనులన్నీ మా పెదనాన్న చూసుకునేవారు. పెద్దకర్మకు బంధువులను పిలిచే కార్డులు అచ్చు వేయించడానికి ఆయన ఏలూరు వెళ్లాలి. బయల్దేరుతూ, "పిల్లని కూడా తీసుకెళ్తానమ్మా, కాస్త గాలి తగుల్తాది" అన్నారు అమ్మతో. గణపవరం దాకా నడిచి, అక్కణ్ణుంచి భీమడోలుకి బస్సు, భీమడోల్లో ప్యాసింజరు. దారి పొడవునా పెదనాన్న మాట్లాడలేదు. ఆయన మంచితనం అంతా అందులోనే ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. రైలు కిటికీలోంచి చేలు కనిపించాయి, వాటి మీద కొంగలు కనిపించాయి. చూశాను గాని నాకేమీ అనిపించలేదు.

ఆ ప్రెస్సు ఏలూరులో కాలవకు దగ్గరగా ఒక ఇరుకు సందులో ఉండేది. దాన్ని నడిపేది ఒక పెద్దావిడ. ఊరందరికీ ప్రెస్సు మామ్మగారు. భర్త పోయాక ప్రెస్సు అమ్మేయమని అందరూ చెప్పినా అమ్మలేదట. బొట్టు లేని నుదురు, పైట చెంగు బొడ్లో దోపుకున్న ముతక చీర, గోళ్ల సందుల్లో సిరా. పెళ్లివారు శకునం చూసుకుని ఎదురు రానివ్వని మనిషి ఆవిడ. అలాంటిది ఆ చుట్టుపక్కల పెళ్లి పత్రికలు సగానికి సగం ఆవిడ వేళ్ల మీంచే వెళ్లేవి. ఇందులో ఉన్న తమాషా అప్పుడు నాకు తెలియలేదు. తెలియాల్సిన పెద్దవాళ్లు కూడా దాన్ని తమాషా అనుకున్నట్టు లేదు.

"ఈ పిల్లెవరండీ?" అని అడిగారు మామ్మగారు.

"మా తమ్ముడి కూతురండి. ఆ తమ్ముడి కార్డేనండి వేయించాల్సింది" అన్నారు పెదనాన్న.

నేను ఒళ్లు బిగబట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు లాక్కుంటారు, ఏడుస్తారు, ఆ తర్వాత మొహం చూస్తారు. ఆవిడ నా మొహం చూడలేదు. నా చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "చేతులు కడుక్కునిరామ్మా, కాగితాలు అందిద్దువు గాని" అన్నారు. పెరట్లోకి వెళ్లి కడుక్కుని వచ్చాను.

ఆవిడ దగ్గర తెలుగు అక్షరాలు రెండు రకాలు ఉండేవి. గళ్లు గళ్లుగా ఉన్న రెండు పెద్ద చెక్క అరల్లో సీసపు దిమ్మలుగా పోసి ఉండేవి. ఆ అరలను కేసులు అనేవారు. మొదటి కేసులోవి నోటీసు అక్షరాలు. మొదలు నుంచి చివర దాకా ఒకటే మందం, బిగదీసుకుని నిలబడినట్టు ఉంటాయి. వీధికి అవతలి పక్క నుంచి చూసినా చదవొచ్చు. వేలం ప్రకటనలకూ, సినిమా కరపత్రాలకూ, ఎరువుల కొట్టు కాగితాలకూ అవే. పెద్దకర్మలకు పంపే నల్ల అంచు కార్డులకు కూడా అవే వేసేవారు.

రెండో కేసులోవాటికి పెళ్లి అక్షరాలని పేరు. వాటి అందం ఏమిటో చెప్పగలిగేంత వయసు నాకప్పుడు లేదు. ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను. వాటిలో గీత నిండుగా మొదలై, మలుపు దగ్గర సన్నబడి, కిందికి దిగేసరికి మళ్లీ నిండుకునేది. తలకట్టు రూళ్లకర్ర పెట్టి కొట్టినట్టు కాకుండా, ఎవరో కలం ఆనించి పైకి లాగి వదిలినట్టు కాస్త ఏటవాలుగా ఉండేది. అక్షరం కడుపులోని తెల్లటి చోటు విశాలం, అందుకని చిన్న సైజులో కూడా ఇరుకు అనిపించేది కాదు. వత్తులు కింద వేలాడకుండా, తల్లి కొంగు పట్టుకున్న పిల్లల్లాగా దగ్గరగా ఒదిగి ఉండేవి. ఏళ్ల తరబడి వాడటం వల్ల అంచులు అరిగి ఇంకొంచెం మెత్తబడ్డాయి. వాటిని చదువుతుంటే ఎవరో నెమ్మదిగా చెబుతున్నట్టు ఉంటుంది, అరిచినట్టు ఉండదు. గృహప్రవేశాలకు, బడుల్లో బహుమతి పత్రాలకు, ఎవరైనా సొంత ఖర్చుతో పద్యాల పుస్తకం వేయించుకుంటే దానికి, పెళ్లిళ్లకు సరేసరి, వాటినే వాడేవారు. కరపత్రాలకు మాత్రం ముట్టుకోనిచ్చేవారు కాదు. ముతక కాగితం మీద గట్టిగా ఒత్తితే ఆ సన్నటి గీతలు విరిగిపోతాయి.

ఇంగ్లీషు అక్షరాల్లో ఇలాంటి తరహావాటికి కొసల్లో బుల్లి బుల్లి పాదాలు ఉంటాయని, పెద్ద పెద్ద పుస్తకాలు వాటితోనే వేస్తారని, కన్ను అలసిపోకుండా ఒక అక్షరం నుంచి మరో అక్షరానికి ఆ పాదాల వెంట నడుచుకుంటూ పోతుందని టీచరునయ్యాక ఎవరో చెబితే విన్నాను. మన అక్షరానికి కింద పాదం లేదు, నెత్తిన తలకట్టు ఉంది. మామ్మగారి పెళ్లి అక్షరాల్లో ఆ పని తలకట్టే చేసేదని నాకు అప్పుడు తట్టింది.

మామ్మగారు నాన్న పేరును రెండు రకాల అక్షరాలతోనూ కూర్చారు. సీసపు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి కాబట్టి నాకేమీ అర్థం కాలేదు. సిరా రాసి, నేను అందించిన కాగితం ముక్కలు ఒక్కొక్కటి పైన పరిచి, పిడికిలితో ఒత్తి తీశారు. రెండూ నా చేతికిచ్చి, "ఇందులో మీ నాన్నగారు ఎవరమ్మా?" అని అడిగారు.

రెంటి మీదా ఒకటే పేరు. మొదటి ముక్క చూస్తే ఎవరిదో పొలం వేలానికి వచ్చినట్టు ఉంది. రెండోది చూస్తే తెలిసినవాళ్లెవరో అరుగు మీద కూర్చుని నాన్నను పిలిచినట్టు ఉంది. రెండోది చూపించాను. ఎందుకని ఆవిడ అడగలేదు.

పెదనాన్న ఇబ్బంది పడ్డారు. "మామ్మగారూ, అవి పెళ్లి పత్రికలకేసేవి కదండీ. నల్లంచు కార్డుకి అవేంటండీ? చూసినోళ్లు ఏమనుకుంటారండీ?"

"ఏమీ అనుకోరండి. చదువుకుంటారు."

"రేపు పెళ్లివారికి తెలిస్తే మీకే ఇబ్బందండి. మైలంటారు."

"కిరసనాయిలుతో కడుగుతానండి. దానికి పోని మైల కూడా ఉంటుందేంటండీ?"

పెదనాన్న తనకు మిగిలిన చివరి మాట కూడా అనేశారు. "చదివి చింపేసే కార్డే కదండీ. దానికింత ఎందుకండీ?"

మా వైపు చావు కబురు మోసుకొచ్చిన కాగితాన్ని ఇంట్లో ఉంచుకోరు. చదివి, చింపి, బయటే పారేస్తారు. ఆ సంగతి మామ్మగారికి తెలియక కాదు. "చింపే ముందు చదువుతారు కదండీ" అన్నారు. పెదనాన్న జేబులోంచి కార్డులో వేయాల్సిన మాటలు రాసుకొచ్చిన కాగితం తీసి ఆవిడకిచ్చారు.

కార్డంతా కూర్చి, మొదటి ప్రూఫు తీసి ఇచ్చారు. పెదనాన్న కళ్లజోడు తెచ్చుకోలేదు. అంత చిన్న అక్షరాలు ఆయనకు ఆనవు. "నువ్వు చదివి వినిపించమ్మా" అన్నారు. నేను బడిలో పాఠం అప్పజెప్పినట్టు నిటారుగా నిలబడి, మొదటి నుంచి గడగడా చదివాను. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. ఆ తర్వాత నాన్న పేరు. స్వర్గస్థులైనందున, ఫలానా రోజున పెద్దకర్మ జరుగును కావున. ఆ కింద, తామెల్లరూ సకుటుంబంగా విచ్చేసి, మదర్పిత చందన తాంబూలాదులు స్వీకరించి, నూతన వధూవరులను ఆశీర్వదించ ప్రార్థన.

పెళ్లిళ్ల కాలంలో ప్రతి పత్రికకూ పైనా కిందా వచ్చే పంక్తులు అవే కాబట్టి, మాటిమాటికీ కూర్చే పని లేకుండా వాటిని దారంతో కట్టి అలాగే ఉంచేవారట. మా నాన్న చావు కబురు వచ్చి ఆ రెంటి మధ్యా కూర్చుంది. నేను చివరి మాట దాకా చదివేశాను. చదివాక అర్థమైంది. అర్థమయ్యేసరికి నవ్వు వచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. ముక్కులోంచి, నోట్లోంచి పగలబడి వచ్చింది. అన్ని రోజులుగా నాలోంచి వచ్చిన మొదటి శబ్దం అది. తండ్రి చచ్చిపోయిన పిల్ల తండ్రి కార్డు పట్టుకుని నవ్వింది.

వెంటనే ప్రాణం పోయినంత పనైంది. పెదనాన్న మొహం పాలిపోయింది. "ఏవండీ, ఇదేంటండీ ఇది" అంటున్నారు. కోపం కార్డు మీదో, నా మీదో ఆయనకే తెలిసినట్టు లేదు. మామ్మగారు నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. "అయ్యయ్యో, నా మతి మండా! కట్టిన పంక్తులు తీయడం మరిచానండీ" అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, ఏమీ జరగనట్టు అడిగారు. "మీ నాన్నగారు ఇది చూస్తే ఏమనేవారమ్మా?"

"నవ్వేవారండి" అన్నాను. "ఊరంతా తిరిగి చెప్పేవారు."

ఇక మాట ఆగలేదు. ఇంటికి పెళ్లి పత్రిక వస్తే నాన్న అరుగు మీద నిలబడి దండోరా వేసినట్టు గట్టిగా చదివేవారని చెప్పాను. చివర వరకూ చదివి, వెనక్కి తిప్పి చూసి, "అన్నీ రాశారు గాని కూరలేంటో రాయలేదే" అని ప్రతిసారీ అమ్మను అడిగేవారని చెప్పాను. పనసపొట్టు కూర ఉందని ఎవరో చెబితే తాడేపల్లిగూడెంలో ముక్కూమొహం తెలియనివాళ్ల పెళ్లికి వెళ్లి వచ్చారని కూడా చెప్పాను. చెబుతుంటే మా పెదనాన్న కూడా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే కాగితాల కట్ట మీద కూలబడి, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఇంటి నిండా జనం ఉన్నన్నాళ్లూ ఆయన ఏడవగా నేను చూడలేదు.

నేను అప్పుడూ ఏడవలేదు. ఎదురు చూశాను గాని రాలేదు. చాలా నెమ్మదిగా మామ్మగారితో అన్నాను, "నాకు ఏడుపు రావట్లేదండి. అందరూ రాతిగుండె పిల్లంటున్నారండి" అని.

"మా ఆయన పోయినప్పుడు నాకూ రాలేదమ్మా" అన్నారు ఆవిడ, రోలరుకు సిరా రాస్తూ. "ఇంటి నిండా జనం. నేనొచ్చి ఇక్కడ అక్షరాలు సర్దుకుంటా కూర్చున్నాను. నన్నూ అదే మాటన్నారు."

"తర్వాత ఏడ్చారాండీ?"

"లేదమ్మా." ఆ మాట ఆవిడ దాచుకోకుండా చెప్పారు. రెండో కేసు వైపు గడ్డం ఎత్తి చూపించారు. "ఇవి ఆయన మోజుపడి తెచ్చుకున్న అక్షరాలు. కరపత్రాలకేస్తే విరిగిపోతాయని ఆయనకు బెంగగా ఉండేది. ఎంత తొందర పనొచ్చినా నేను ఇప్పటికీ వెయ్యను."

పదేళ్ల పిల్లకు ఏం అర్థమైందని అడిగితే, ప్రేమ కళ్లలోనే ఉండక్కర్లేదని, అక్షరాల అరలో కూడా ఉండొచ్చని అర్థమైంది. నాకిన్ని మాటలు అప్పుడు లేవు. బిగబట్టుకున్న భుజాలు మాత్రం దిగాయి.

తప్పు దిద్ది, నల్ల అంచు వేసి, కాలితో తొక్కే ట్రెడిల్ మిషను మీద కార్డులన్నీ కొట్టారు. పెదనాన్న బజారు పనులు చూసుకుని వచ్చేసరికి అవి నేల మీద వరసగా ఆరుతున్నాయి. మామ్మగారు అన్నట్టే కిరసనాయిలుతో అక్షరాలు కడిగారు. అప్పుడు, "ఇక పేరు విప్పాలమ్మా. ఇలాగే ఉంచేస్తే రేపు ఇంకొకరికి అక్షరాలు చాలవు" అన్నారు. నేను తీస్తానన్నాను. ఒక్కొక్కటి తీసి, ఆవిడ చూపించిన గడిలో వేశాను. సీసం చల్లగా ఉంది. చివరి అక్షరం దగ్గర నా చెయ్యి ఆగింది. అది చేతిలో ఉన్నంత సేపూ ఆవిడ వేరే పనేదో చూసుకున్నారు. ఎంతసేపటికో నేనే దాన్ని దాని గడిలో వేశాను.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. కార్డు చేతిలోకి తీసుకున్న మా అత్తయ్య ఒకావిడ, "ఇదేంటి, పెళ్లి పత్రికలా ఉంది?" అంది. అమ్మ చెయ్యి చాపి అడిగి తీసుకుంది. పంక్తి కింద వేలు పెట్టుకుని మొదటి నుంచి చివర దాకా చదివింది. నాన్న పేరు దగ్గర వేలు చాలాసేపు ఉంది. "ఈ అక్షరాలు ఎవరు ఎంచారు?" అని అడిగింది. "నీ కూతురేనమ్మా" అన్నారు పెదనాన్న. అమ్మ చాప మీద కొంచెం జరిగి నాకు చోటు చేసింది.

అప్పుడే కైకలూరు నుంచి వచ్చిన దూరపు అమ్మమ్మ ఒకావిడ గుమ్మంలోనే రాగం తీసి నన్ను లాక్కోబోయింది. అమ్మ నా భుజం చుట్టూ చెయ్యి వేసి, "దాన్నొదిలెయ్యండి పిన్నీ. అది ఏడవక్కర్లేదు" అంది. అమ్మ గొంతు అంత గట్టిగా నేను ఎప్పుడూ వినలేదు. ఆ ప్రూఫు సంగతి పెదనాన్న, నేను ఎవరికీ చెప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత అమ్మకు చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. "కూరలు రాయలేదనేవారు" అని ఆవిడే అంది.

అన్నేళ్లు చేయి తిరిగిన మనిషి కట్టిన పంక్తులు తీయడం మరిచిపోతుందా అని నాకు అప్పుడప్పుడూ అనుమానం వస్తుంది. మరిచిపోయే ఉంటారు, పొరపాటు ఎవరికైనా వస్తుంది. కావాలని చేసుంటే మాత్రం, చావు కబురు దగ్గర అంత తెగువ చేసిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

బడిపంతులమ్మగా పనిచేసి, రిటైరై, ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉంటున్నాను. చావు కబుర్లు ఫోనులోకే వస్తున్నాయి. వెనక ఒక దీపం బొమ్మ, దాని మీద బండ అక్షరాలు మెరుస్తూ ఉంటాయి. నా పిచ్చి తెలిసిన నలుగురైదుగురు మాత్రం కార్డు వేయించాల్సి వస్తే నన్ను డీటీపీ సెంటరుకు తోడు రమ్మంటారు. అక్కడి అమ్మాయి కంప్యూటర్లో వరసగా చూపిస్తుంటే, కాస్త నిండుగా, మలుపుల్లో సన్నబడేవి, తలకట్టు చేత్తో పెట్టినట్టు ఉండేవి ఉన్నాయేమో చూడమంటాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు చిన్న తరగతుల ప్రశ్నపత్రాలకు కూడా అలాంటివే వేయించేదాన్ని. పరీక్షకు వచ్చిన పిల్ల కాగితం చూడగానే భయపడకూడదని.

మా నాన్న కోసం నేను ఈ రోజు దాకా ఏడవలేదు. ఇక ఏడుస్తానని కూడా అనుకోను. అది నా తప్పనుకోవడం మాత్రం ఆ ప్రెస్సులోనే మానేశాను. పరామర్శకు వెళ్లినప్పుడు ఏ పిల్లనూ దగ్గరికి లాక్కోను, కళ్లలోకి చూడను. పక్కన కూర్చుని, "మీ నాన్నగారిని బాగా నవ్వించేది ఏంటమ్మా?" అని అడుగుతాను. కొందరు చెబుతారు. చెప్పనివాళ్ల దగ్గర ఇంకాసేపు కూర్చుంటాను.